దారుల కథ – 8: ఐదో నెంబరు రోడ్డు

గత భాగంలో ఏనుగుల వీరాస్వామయ్యగారి పల్లకీ వెంట కాశీకి వెళ్లొచ్చాం. 1830 మే నెలలో మద్రాసులో బయలుదేరిన ఆయన తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ దారి పట్టలేదు. కలకత్తా చూసి, పూరీలో జగన్నాథుణ్ణి సేవించి, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి మీదుగా సముద్రం పక్కనే దిగుతూ 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిలో కనిపించిన సత్రాలూ, ఏటి రేవులూ, బోయీల కష్టసుఖాలూ అన్నీ రాసిపెట్టారు కాబట్టే ఈ కథలో మనకింత సరుకు దొరికింది.

ఆయన పోయింది ఒక దారి, వచ్చింది ఒక దారి. నూటపాతికేళ్ల తర్వాత పార్లమెంటు చేసిన ఒక చట్టంలో ఆ రెండు దారులూ రెండు అంకెలయ్యాయి. హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి పోయే దారి 7. కలకత్తా నుంచి కోస్తా వెంట మద్రాసు దిగే దారి 5. ఈ వారం ఆ ఐదో నెంబరు రోడ్డు కథ. అది అక్కడే ఎందుకు పడింది, ఎట్లా వెడల్పయింది, చివరికి ఆ అంకె ఎట్లా పోయింది?

కొండకీ నీటికీ నడుమ

మ్యాపు ముందు పెట్టుకుని పై నుంచి కిందికి రండి. గంజాం దగ్గర ఒక పక్క చిలికా సరస్సు, ఇంకో పక్క తూర్పు కనుమలు. నడుమ మిగిలింది సన్నటి నేల. పల్లకీ అయినా, రైలైనా, లారీ అయినా ఆ సందులోంచే పోవాలి. ఇచ్ఛాపురం దాటాక వంశధార, నాగావళి. విశాఖ దగ్గర కొండలు మళ్లీ సముద్రం మీదికి వస్తాయి. రాజమండ్రి దగ్గర గోదావరి. ఏలూరు దగ్గర దక్షిణాన కొల్లేరు, ఉత్తరాన మెట్ట. విజయవాడలో కృష్ణ. ఆ తర్వాత గుండ్లకమ్మ, పెన్న. ఇంజనీరు ఎంత తెలివైనవాడైనా ఈ చోట్లన్నీ ముందే ఖాయమైపోయి ఉంటాయి. వాటి మధ్య గీత కలపడమే అతని వంతు.

విజయవాడనే చూడండి. ఉత్తరపు గట్టున ఇంద్రకీలాద్రి, దక్షిణపు గట్టున సీతానగరం కొండ. ఎగువనా దిగువనా విచ్చలవిడిగా పరుచుకునే కృష్ణ ఈ రెండు కొండల మధ్య మాత్రం కిలోమీటరు పైచిలుకు వెడల్పుకి ఒదుగుతుంది. 1855లో పూర్తయిన ఆనకట్ట ఇక్కడే. 1890లలో కట్టిన రైలు వంతెనా ఇక్కడే. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చిందీ ఇక్కడే. రోడ్డు కూడా ఆ కొండల మధ్యకే రావాలి, వచ్చింది. బెజవాడ ఇంత పెద్ద ఊరవడానికి సగం కారణం ఈ రెండు కొండలే అంటాను నేను.

గోదావరి సంగతి వేరు. ధవళేశ్వరం దాకా అది ఒకటే నది, మనవాళ్లు అఖండ గోదావరి అంటారు. అక్కణ్ణుంచి గౌతమి, వశిష్ఠ అని చీలి, కిందికి పోయే కొద్దీ ఇంకా పాయలవుతుంది. చీలకముందు దాటితే ఒక్కసారి పడవ ఎక్కితే చాలు, కానీ నది వెడల్పు కళ్లు తిరిగేంత. చీలాక దాటితే పాయలు చిన్నవి, కానీ రెండుసార్లు దాటాలి. పై రేవా, కింది రేవా అన్న ఈ ప్రశ్న పల్లకీల నాటిది. మొన్న మొన్నటి దాకా దానికి ఒకే జవాబు నిలవలేదు. కథ చివర మళ్లీ ఇక్కడికే వస్తాం, గుర్తుంచుకోండి.

పడవ, రైలు, ఆ తర్వాతే రోడ్డు

ఈస్టిండియా కంపెనీ దొరలు ఈ దారిని గ్రేట్ నార్తరన్ ట్రంక్ రోడ్డు అన్నారు. చెన్నైలో ఈనాటికీ జీఎన్‌టీ రోడ్డు అంటే అదే. పేరు గొప్పదే గానీ, చాలా చోట్ల అది బండి చక్రాలు తొక్కిన జాడే తప్ప రోడ్డు కాదు. 1833లో గుంటూరు సీమను నందన కరువు ఊడ్చేసినప్పుడు, జిల్లాలో ఐదు లక్షల మంది ఉంటే రెండు లక్షల దాకా పోయారని లెక్క. తిండి వెతుక్కుంటూ మద్రాసు వైపు నడిచిన జనం దారి పొడవునా రాలిపోయారు. వేరే చోట గింజలున్నా ఎడ్ల మీద, బండ్ల మీద అవి వచ్చేలోపు ఆకలి ముందే వచ్చేది.

రోడ్డు లేక ఇంత జరిగాక రోడ్డే ముందు రావాలి. రాలేదు. కాటన్ దొర నీళ్ల మనిషి. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన ఆయన, కాలువ ఒకటి తవ్వితే పొలానికి నీరూ, సరుకుకి పడవ దారీ రెండూ వస్తాయని జీవితమంతా వాదించాడు. రైళ్ల మీద పోసే డబ్బు కాలువల మీద పోయమని లండను దాకా వెళ్లి చెప్పాడు. డెల్టాలో ఆయన మాట చాలా దూరం నెగ్గింది కూడా. గోదావరి కాలువలు, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, ధాత కరువులో కూలి కోసం వచ్చిన జనం తవ్విన బకింగ్‌హాం కాలువ, ఇవన్నీ కలిశాక కాకినాడలో ఎక్కిన బస్తా మద్రాసు దాకా నీళ్ల మీదే పోయేది. మా నాన్నమ్మ తరం వాళ్లకి పెళ్లివారు రావడమంటే పడవలో రావడమే.

పడవకి పోటీగా రైలొచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన తెరవడంతో మద్రాసు, కలకత్తా నగరాల మధ్య రైలు దారి ఒకటైంది. అంతే, ట్రంక్ రోడ్డు హోదా పడిపోయింది. దూరప్రయాణం రైలుది, బరువు సరుకు పడవది. రోడ్డుకి మిగిలింది స్టేషను నుంచి ఊళ్లోకి పోయే బండి, సంతకు తోలే పశువులు. దాని బాగోగులు జిల్లా బోర్డుల మీద పడ్డాయి. వాళ్ల దగ్గర డబ్బు తక్కువ. కంకర పరిచిన చోట పరిచారు, లేనిచోట లేదు. కానీ ఒక్క పని మాత్రం వాళ్లు బాగా చేశారు. చెట్లు పెంచారు. చింత, మర్రి, నేరేడు, మామిడి. రోడ్డు చింతలకి ఏటా పాట పెట్టేవారు. పాట పాడుకున్నవాడు కాయ దులుపుకునేవాడు, ఆ డబ్బు బోర్డుకి చేరేది. ఎండలో నడిచేవాడికి నీడ, బోర్డుకి ఆదాయం. ఆ చెట్ల సంగతి మళ్లీ వస్తుంది.

గ్యాలనుకి రెండణాలు

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మోటారు బస్సులు రోడ్డెక్కాయి. అవి దుమ్ము రేపుతూ కంకర లేపేస్తుంటే జిల్లా బోర్డులు చేతులెత్తేశాయి. 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. మరుసటేడు ఆ కమిటీ ఒక మాట తేల్చి చెప్పింది. రోడ్లను బాగుచేయడం స్థానిక బోర్డుల శక్తికి మించిపోయింది, కేంద్రం పూనుకోవాలి, ఆ డబ్బు పెట్రోలు మీద వేయాలి. 1929 మార్చి నుంచి గ్యాలను పెట్రోలుకి రెండణాలు అదనంగా వసూలు చేసి రోడ్ల నిధిలో వేశారు. ఈనాడు బంకులో మనం పోయించుకునే ప్రతి లీటరులోనూ రోడ్డుకని కొంత కట్టుకుంటున్నామే, దానికి ముత్తాత ఈ రెండణాలు.

రైలు కంపెనీలు ఊరుకోలేదు. బస్సులు తమ టిక్కెట్లు లాగేసుకుంటున్నాయని గోల పెట్టాయి. రైలు పట్టాల పక్కనే రోడ్డు వేయడం డబ్బు దండగన్నాయి. ఆ తగువు తేల్చడానికి 1930ల మొదట్లో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు దేశమంతా తిరిగి నివేదిక ఇచ్చారు. కోస్తాలో ఈ తగువు ఇంకా ముదిరింది. ఎందుకంటే, ముందే చెప్పినట్టు, కొండకీ నీటికీ నడుమ ఉన్నది ఒకటే సందు. రైలూ రోడ్డూ ఒకదాన్నొకటి చూసుకుంటూ పోక తప్పదు. 1934లో ప్రభుత్వం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని ఇంజనీర్ల సంస్థ ఒకటి పెట్టింది. రోడ్డు ఎంత వెడల్పుండాలి, మలుపు ఎంత వంపుండాలి అని దేశానికంతటికీ ఒకే కొలత చెప్పేది ఇప్పటికీ ఆ సంస్థే.

నాగపూరులో గీసిన నక్షత్రం

1943 డిసెంబరు. యుద్ధం నడుస్తోంది, బెంగాలులో జనం ఆకలికి చచ్చిపోతున్నారు. ఆ నెలలో రాష్ట్రాల, సంస్థానాల చీఫ్ ఇంజనీర్లు నాగపూరులో కూర్చున్నారు. యుద్ధం అయిపోయాక ఇరవై ఏళ్లలో దేశానికి ఎన్ని రోడ్లు కావాలి అన్నది ప్రశ్న. వాళ్లు గీసిన ప్రణాళిక పేరు నాగపూరు ప్లాను. మనం రోజూ వాడే మాటలు చాలా వరకూ అక్కడ స్థిరపడ్డవే. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, జిల్లా రోడ్డు, గ్రామ రోడ్డు అని రోడ్లను విడదీసి, ఎవరి రోడ్డు ఎవరు చూసుకోవాలో తేల్చారు.

వాళ్లు పెట్టుకున్న బొమ్మ నక్షత్రం. పట్నం నడిమధ్యన, దాన్నుంచి అన్ని దిక్కులకూ కిరణాల్లా రోడ్లు. ఆ కిరణాలను కలుపుతూ అడ్డగీతలు, జల్లెడలా. సాగు బాగా జరిగే సీమలో ఏ పల్లె అయినా పెద్ద రోడ్డుకి ఐదు మైళ్లకు మించి దూరం ఉండకూడదన్నారు. మొత్తం సుమారు 3,31,000 మైళ్ల రోడ్లు కావాలని లెక్క తేల్చారు. పరాయి పాలన ఆఖరి ఏళ్లలో, యుద్ధం మధ్యలో, పల్లెను లెక్కలోకి తెచ్చుకుని గీసిన ఆ ప్రణాళిక మీద నాకు చాలా గౌరవం ఉంది.

1947 ఏప్రిల్ నుంచి జాతీయ రహదారుల ఖర్చు కేంద్రం నెత్తికెత్తుకుంది. అప్పటికి వాటి పొడవు సుమారు 21 వేల కిలోమీటర్లు. అందులోనూ రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా అసలు రోడ్డే లేదు, కాగితం మీద గీత మాత్రమే. వంతెనలు లేని ఏర్లకు లెక్క లేదు. 1956 సెప్టెంబరులో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 15 నుంచి అమలు. చట్టం చివర ఒక షెడ్యూలు, అందులో వరసగా అంకెలు.

ఆ అంకెల వరస చూస్తే అది వేసినవాళ్ల మనసు తెలుస్తుంది. ఢిల్లీ నుంచి కలకత్తా 2. బొంబాయి వైపు నుంచి మద్రాసు 4. మద్రాసు నుంచి కలకత్తా వైపు 5. ఢిల్లీ నుంచి బొంబాయి 8. నాలుగు మహానగరాలను కలిపే చతురస్రం ఆనాడే షెడ్యూల్లో ఉంది. నలభై ఏళ్ల తర్వాత దానికే స్వర్ణ చతుర్భుజి అని పేరు పెట్టారు. ఇక తూర్పు పడమరలకి ఒక పద్ధతి, ఉత్తర దక్షిణాలకి ఒక పద్ధతి అంటూ ఆనాటి అంకెల్లో లేదు. ముఖ్యమైనదానికి ముందు అంకె ఇచ్చినట్టు కనిపిస్తుంది, అంతే.

ఐదో నెంబరు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అందరం కలకత్తా రోడ్డు అనుకున్నాం గానీ అది కలకత్తా పోలేదు. షెడ్యూలు ప్రకారం అది బహరాగోడా దగ్గర ఆరో నెంబరు రోడ్డులో కలిసి ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కలకత్తాకి తీసుకెళ్లేది ఆరు.

చట్టం వచ్చిన రెండు నెలలకే, 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కొత్త రాష్ట్రానికి కోస్తా వెంట 5, తెలంగాణ, రాయలసీమలను నిలువునా చీల్చుతూ 7, చిత్తూరు మూలలో 4 వచ్చాయి. రాజధాని హైదరాబాదునీ కోస్తానీ కలిపే జాతీయ రహదారి ఒక్కటే, విజయవాడ దాకా వచ్చే 9. కొత్తగా కలిసిన రెండు ప్రాంతాల మధ్య బస్సులూ ఫైళ్లూ చదువులూ సినిమా డబ్బాలూ అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే నడిచాయి.

ఎదురుగా లారీ వస్తే

ఆ రోజుల్లో జాతీయ రహదారి అంటే పన్నెండడుగుల తారు. అటూ ఇటూ మట్టి మార్జిను. ఎదురుగా లారీ వస్తే ఇద్దరిలో ఒకరు దిగాలి. ఎడమ చక్రాలు మట్టిలోకి, కుడి చక్రాలు తారు మీద. వానాకాలంలో అట్లా దిగిన బండి మళ్లీ ఎక్కాలంటే క్లీనరు భుజం వేయాల్సిందే. తారు అంచు విరిగి జానెడు లోతున గాడి పడేది. ప్రమాదాలు చాలావరకూ ఆ అంచు దగ్గరే.

వంతెనలు పడేదాకా గోదావరి పాయల మీద పంట్లే గతి. పంటు ఎక్కడానికి లారీలు వరసలో నిలబడితే రేవు దగ్గర ఒక ఊరు పుట్టేది. ఇడ్లీ, చేపల పులుసు, నులక మంచం, పంచరు షాపు. వంతెన తెరిచిన మర్నాడు ఆ ఊరు ఖాళీ. గోదావరి జిల్లాల్లో ఇట్లా వెలిసి ఆరిపోయిన రేవులు ఎన్నో.

రోడ్డును ఎప్పుడు వెడల్పు చేయాలి అన్నది మనుషులు కూర్చుని లెక్కపెట్టి తేల్చే పని. రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన పద్ధతిలో ఏడాదికి రెండుసార్లు, ఏడేసి రోజులు, రాత్రింబవళ్లు బండ్లు లెక్కపెడతారు. ఒకసారి కోతల కాలంలో, ఒకసారి పని తగ్గిన రోజుల్లో. చెట్టు కింద బల్ల, రాత్రికి లాంతరు, చేతిలో గళ్ల కాగితం. బండి పోతే ఒక గీత. నాలుగు గీతలయ్యాక ఐదోది వాటి మీద అడ్డంగా. తణుకు దగ్గర మా ఊరి చివర అట్లా కూర్చున్న కుర్రాళ్లకి చిన్నప్పుడు మంచినీళ్లు పట్టుకెళ్లి, ఎన్ని బండ్లయ్యాయని అడిగేవాళ్లం.

గీతలన్నీ ఒకటి కాదు. ప్రతి బండికీ ఒక విలువ ఉంది. కారు ఒకటి అయితే లారీ, బస్సు మూడేసి. సైకిలు సగం. రిక్షా రెండు. గుర్రబ్బండి నాలుగు. ఎడ్లబండి? ఎనిమిది. 1990 నాటి రోడ్స్ కాంగ్రెస్ పట్టికలో ఈ అంకెలున్నాయి. మెల్లగా పోయే ఎడ్లబండి వెనక కార్లు ఆగిపోతాయి కాబట్టి ఒక బండి ఎనిమిది కార్లంత చోటు తిన్నట్టు లెక్క. అట్లా కూడిన మొత్తం రోజుకి 15,000 దాటితే రెండు వరసల రోడ్డు చాలదు, నాలుగు చేయాలి. అంటే కోతల వేళ ధాన్యం బస్తాలతో మిల్లుకి పోయే రైతు బండే కాగితం మీద రోడ్డును వెడల్పు చేయించింది. వెడల్పయ్యాక ఆ రోడ్డెక్కే ధైర్యం లేక పక్కకు తప్పుకున్నదీ ఆ బండే. ఈ పట్టిక చూసినప్పుడల్లా నాకు ఆ ఎడ్ల మెడలో గంటలే వినిపిస్తాయి.

త్రీ-ఏ, త్రీ-డీ

పన్నెండడుగుల తారు మెల్లగా ఏడు మీటర్లయింది, రెండు వరసలు. దానికి పెద్దగా భూమి కొనక్కర్లేకపోయింది, మార్జిన్లో ఉన్న ప్రభుత్వ స్థలమే సరిపోయింది. నాలుగు వరసలకి ఆ సరిపెట్టడం కుదరదు. నలభై ఐదు మీటర్లు, కొన్నిచోట్ల అరవై మీటర్ల వెడల్పున నేల కావాలి.

1998లో ప్రధాని వాజ్‌పేయి నాలుగు మహానగరాలను కలిపే పథకం ప్రకటించారు. 1999 జనవరిలో శంకుస్థాపన. మొత్తం 5,846 కిలోమీటర్లలో చెన్నై, కోల్‌కతా భుజం 1,684 కిలోమీటర్లు, దానిలో పెద్ద వాటా మన కోస్తాది. దానికి రెండేళ్ల ముందే, 1997లో, భూసేకరణ త్వరగా జరగాలని జాతీయ రహదారుల చట్టాన్ని సవరించారు. అప్పటి నుంచి రోడ్డు పక్క ఊళ్లలో కొత్త మాటలు పుట్టాయి. 'త్రీ-ఏ పడింది' అంటే చట్టంలోని 3ఏ సెక్షను కింద ఈ సర్వే నెంబర్లు కావాలని గెజిట్లో వచ్చిందని. రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి ఆ ప్రాంతపు భాషలో ఉండాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి 21 రోజులు. 'త్రీ-డీ అయిపోయింది' అంటే ఆ నేల ఇక ప్రభుత్వానిదని. 'త్రీ-జీ' అంటే ధర తేల్చడం. ఈ వరస బాగా గమనించండి. నేల పోయాక ధర తేలుతుంది.

పత్రికలో ఆ ప్రకటన ఎట్లా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. చీమంత అక్షరాలు, పేజీ నిండా సర్వే నెంబర్లు, సెంట్లు, చదరపు మీటర్లు. నేను ఒక ఊళ్లో రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన ఆ కాగితాన్ని భూతద్దం పెట్టి వెతకడం చూశాను. వేలు ఒక చోట ఆగింది. ఆయన నెంబరు దొరికింది. 21 రోజుల్లో అప్పటికే పన్నెండు అయిపోయాయి. తాతల నాటి కొబ్బరితోటలో సగం. రోడ్డు తోటను రెండు ముక్కలు చేసి మధ్యలోంచి పోతోంది, బోరు అవతలి ముక్కలో మిగిలింది. పొలానికి వెళ్లాలంటే ఇక మూడు కిలోమీటర్ల అవతల అండర్‌పాస్ దాకా పోయి తిరిగి రావాలి. రోడ్డు వద్దని ఆయన ఒక్క మాటా అనలేదు. 'ముందుగా ఒక్కసారి వచ్చి అడిగుంటే ఆ గీతను పది గజాలు పక్కకు జరపమని చెప్పేవాణ్ణి బాబూ' అన్నారు. రోడ్డు ఎటు పోవాలో ఖాయమయ్యే రోజున ఆ నేల మీద బతికేవాళ్లు అక్కడ ఉండరు. నాగపూరు ప్లాను నుంచి ఈనాటి దాకా మారనిది ఇదొక్కటే, ఇది మారితీరాలి.

నేల తర్వాత చెట్లు. నరకడానికి ముందు కాండం మీద తొక్క చెక్కి తెల్ల రంగు వేసి, దాని మీద ఎర్ర రంగుతో నెంబరు వేస్తారు. జిల్లా బోర్డుల నాటి చింతలు ఇద్దరు మనుషులు చేతులు కలిపినా అందనంత లావు. వాటి మీద నెంబర్లు చూసుకుంటూ సైకిలు తొక్కిన రోజులు నాకు గుర్తే. కొట్టేశాక కొన్ని వారాల పాటు రోడ్డు మీద పచ్చి చింత చెక్క వాసన వేసేది. నాలుగు వరసల రోడ్డు వచ్చింది, డివైడరు మధ్యలో గన్నేరు మొక్కలు వచ్చాయి. నడిచేవాడికి నీడ రాలేదు.

ఊళ్ల సంగతి ఇంకో రకం. పెద్ద రోడ్డు ఊరి మధ్యలోంచి పోతే ఇబ్బందని బైపాసు వేస్తారు. ఊరు బైపాసు వైపు పెరుగుతుంది. పెరిగి దాన్ని మింగేస్తుంది. విజయవాడలో బెంజి సర్కిల్ ఒకప్పుడు ఊరి బయట. ఇప్పుడు ఊరి నడిబొడ్డు, దాని మీద ఫ్లైఓవర్లు. అందుకే ఇంకా పడమటికి జరిగి చిన అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా, కృష్ణ మీద కొత్త వంతెన కట్టి, కాజ దగ్గర కలిపే బైపాసు. విశాఖలోనూ అంతే. గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం మీదుగా ఊళ్లోంచి పోయే దారి ఇరుకైతే ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం చుట్టి అనకాపల్లికి ఆరు వరసలు వేశారు.

ఐదు పోయి పదహారు

ఇంతలో అంకెలు చిక్కుపడ్డాయి. కొత్త రహదారులు పెరిగే కొద్దీ 200లు దాటాయి, తోకకి ఏ, బీ, సీ తగిలించారు. అంకె చూస్తే రోడ్డు దేశంలో ఏ మూలదో తెలియదు. 2010లో కేంద్ర రహదారుల శాఖ మొత్తం తుడిచేసి కొత్తగా వేసింది. ఉత్తర దక్షిణంగా పోయేవాటికి సరి అంకెలు, తూర్పు నుంచి పడమటికి పెరుగుతూ. తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి అంకెలు, ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతూ. పెద్ద రోడ్లకి రెండంకెల లోపు. కొమ్మలకి మూడంకెలు, చివరి రెండూ తల్లి రోడ్డువి. 216 అంటే 16కి కొమ్మ. కత్తిపూడి దగ్గర విడిపోయి కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, బాపట్ల మీదుగా సముద్రం పక్కనే పోయి ఒంగోలులో మళ్లీ తల్లిని కలుస్తుంది. చక్కటి పద్ధతి. ఒకసారి అర్థమైతే అంకెను బట్టే రోడ్డు ఏ వైపుదో చెప్పొచ్చు.

ఆ లెక్కలో మన ఐదు పదహారయింది. ఈసారి నిజంగానే కోల్‌కతా దాకా. బాలేశ్వరం దాటాక బహరాగోడా చుట్టు తిరగకుండా ఖరగ్‌పూర్ మీదుగా నేరుగా పోయే దారినీ, అక్కణ్ణుంచి పాత ఆరో నెంబరు ముక్కనీ కలుపుకుంది. ఇప్పుడు పొడవు 1,711 కిలోమీటర్లు. తొమ్మిది 65లో కలిసింది, ఏడులో చాలా భాగం 44లో కలిసింది.

మరి పదహారు అంతకుముందు ఎవరిది? నిజామాబాదు నుంచి జగిత్యాల, మంచిర్యాల, చెన్నూరు మీదుగా గోదావరి పక్క అడవుల్లోంచి జగ్దల్‌పూర్ పోయే దారిది. దాన్ని ఇప్పుడు 63 అంటున్నారు. మన ఐదు పంజాబులోని ఫిరోజ్‌పూర్ నుంచి షిమ్లా మీదుగా టిబెట్టు సరిహద్దులోని షిప్కి లా కనుమకి పోయే రోడ్డుకి దక్కింది. జనం నోట మాత్రం అంకెలు అంత తొందరగా మారలేదు. విశాఖలో ఆటో ఎక్కి 'ఎన్‌హెచ్ ఫైవ్' అంటే ఈనాటికీ దారి తప్పరు. కిలోమీటరు రాళ్లు వచ్చి ఇన్నేళ్లయినా మనం మైలురాయి అనే అంటున్నాం కదా.

ఇక గోదావరి. ఐదో నెంబరు రోడ్డు కింది రేవునే ఎంచుకుంది. గుండుగొలను దాటి తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటి రావులపాలెం, జొన్నాడ దగ్గర గౌతమి దాటి కడియం నర్సరీల పక్క నుంచి రాజమండ్రి అంచుకి. తణుకు పంచదార, రావులపాలెం అరటి గెలలు, ఆత్రేయపురం పూతరేకులు, కడియపులంక గులాబీ అంట్లు అన్నీ ఆ రోడ్డుని పట్టుకునే దేశం చూశాయి. పై రేవులో, కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య, 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చింది. 2015లో నాలుగో వంతెన తెరిచారు. ఆ వంతెన చూశాక ఇంజనీర్లు మళ్లీ మ్యాపు తీశారు. గుండుగొలను నుంచి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా మెట్ట నేలలో నేరుగా కొవ్వూరుకి కొత్తగా నాలుగు వరసలు వేసి, పదహారు అంకెను అటు మార్చారు. అట్లా పెద్ద రోడ్డు పై రేవుకి చేరింది.

తణుకు, రావులపాలెం రోడ్డు ఎక్కడికీ పోలేదు. దానికిప్పుడు 216ఏ అని పేరు. రాత్రిపూట ఆగకుండా పోయే చెన్నై, కోల్‌కతా లారీల రొద తగ్గింది. పిల్లలు బడికి రోడ్డు దాటడం తేలికైందని తల్లులు సంతోషిస్తున్నారు. తెల్లవార్లూ పొయ్యి ఆర్పని డ్రైవర్ల హోటళ్లలో కొన్ని తలుపులేశాయి. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు సిద్ధాంతం వంతెన దిగాక ఒక హోటలు ముందు ఆగాను. గోడ మీద పాత రంగులో 'ఎన్.హెచ్. 5' అని ఇంకా ఉంది. లోపల నలుగురు కూర్చునే బల్లలు పన్నెండున్నాయి, ఒకదాని మీద హోటలాయన మనవడు హోంవర్కు చేసుకుంటున్నాడు.

1947లో 21 వేల కిలోమీటర్లున్న జాతీయ రహదారులు ఇప్పుడు 1.46 లక్షల కిలోమీటర్లు దాటాయి. వాటన్నిటిలోకీ పొడవైనది మన నేల మీంచే పోతుంది. వీరాస్వామయ్యగారు కాశీకి పోయిన ఆ దారి, పాత ఏడు. ఏడు పాత రహదారులను ఒకదానికొకటి అతికి, శ్రీనగరు నుంచి కన్యాకుమారి దాకా ఒకే అంకె కింద 44గా ఎట్లా చేశారో, బీచుపల్లి దగ్గర కృష్ణనూ కర్నూలు దగ్గర తుంగభద్రనూ అది ఎట్లా దాటిందో, పాలమూరు వలస కూలీల జీవితంలోకి ఆ రోడ్డు ఏం తెచ్చి ఏం తీసుకుపోయిందో వచ్చే భాగంలో.